రక్తం తక్కువైనప్పుడు: లోహాసవమా, మండూరమా, ఐరన్ మాత్రా, ఇంటి వంటా?

విజయవాడ వన్‌టౌన్‌లో మూలికల దుకాణం ముందు గానీ, గుంటూరు బ్రాడీపేటలో మందుల షాపు ముందు గానీ కాసేపు నిలబడితే, "రక్తం పట్టడానికి ఏదైనా మంచి టానిక్కు ఇవ్వండి" అని అడిగేవారు తప్పకుండా కనిపిస్తారు. అలా అడిగిన వారి చేతికి ఒకచోట లోహాసవం వస్తుంది, ఇంకొకచోట ద్రాక్షారిష్టం వస్తుంది, మరొకచోట సారిబాద్యాసవం వస్తుంది. ఈ మూడు సీసాలూ చూడడానికి ఒకేలా ఉన్నా వాటి పనులు వేరు. లోహాసవంలో ఇనుము ఉంటుంది. ద్రాక్షారిష్టం ప్రధానంగా ఆకలికీ, నీరసానికీ ఇచ్చేది. సారిబాద్యాసవం సుగంధిపాల వేరుతో చేసే రక్తశోధకం, అంటే చర్మరోగాల వంటి వాటిలో 'రక్తం శుద్ధి' కావాలని వైద్యులు వాడించేది. రక్తాన్ని శుద్ధి చేయడం వేరు, రక్తాన్ని వృద్ధి చేయడం వేరు అన్న తేడా ఆయుర్వేదంలో స్పష్టంగానే ఉంది. కొనేటప్పుడు మనమే ఆ తేడాను మరచిపోతున్నాం.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంతమందికి సంబంధించిన విషయంలో చర్చ ఎప్పుడూ 'ఆయుర్వేదమా, ఇంగ్లీషు మందా' అన్న దగ్గరే ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. అది రెండవ ప్రశ్న. రక్తం ఎంత తగ్గింది, ఎందుకు తగ్గింది అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు దొరికితే రెండవ ప్రశ్న చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

ముందు కాగితం, తర్వాత సీసా

మన ఊళ్ళలో ఏ లాబ్‌లోనైనా చేసే సీబీపీ (కంప్లీట్ బ్లడ్ పిక్చర్, రక్తకణాల వివరాలు తెలిపే పరీక్ష)తోనే మొదలుపెట్టాలి. గర్భం లేని స్త్రీలలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటే, గర్భిణులలో 11 కంటే, పురుషులలో 13 కంటే తక్కువైతే రక్తహీనత అంటారు. మామూలు స్త్రీలలో 8 కంటే, గర్భిణులలో 7 కంటే తక్కువకు పడిపోతే అది తీవ్రమైన దశ. ఆ దశలో ఆసవాల గురించీ, ఆకుకూరల గురించీ ఆలోచిస్తూ కూర్చోకూడదు. నేరుగా ఆస్పత్రికి వెళ్ళాలి.

చాలామంది ఆ ఒక్క అంకె చూసి కాగితం మడిచేస్తారు గానీ, అదే కాగితంలో ఎంసీవీ అన్న మరో అంకె ఉంటుంది. అది ఎర్ర రక్తకణం సగటు పరిమాణం. మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉంటుంది. అది 80 కంటే తగ్గితే ఎక్కువ సందర్భాలలో ఇనుము లోపం. 100 దాటితే బీ12 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ తక్కువై ఉండే అవకాశం ఎక్కువ. గుంటూరులో ఉండే మా వదిన గారు పూర్తి శాకాహారి. హిమోగ్లోబిన్ 10.2 ఉందని ఒక దుకాణంలో చెప్పిన లోహాసవాన్ని ఐదు నెలలు శ్రద్ధగా తాగారు. అంకె కదలలేదు సరికదా, అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి. పాత కాగితం తీసి చూస్తే ఎంసీవీ 108 అని మొదటి రోజే రాసి ఉంది. ఆమెకు తక్కువైనది బీ12. ఇనుము ఎంత పోసినా ఆ లోటు తీరదు. బీ12 లోపాన్ని ఎక్కువ కాలం వదిలేస్తే నరాలకు జరిగే నష్టం కొన్నిసార్లు పూర్తిగా వెనక్కి రాదు గనుకనే ఈ సంగతి ఇంత విడమరచి చెబుతున్నాను. మొక్కల ఆహారంలో ఆధారపడదగినంత బీ12 ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం నుంచే అది రావాలి. మునగాకు, ఉసిరిక, అశ్వగంధ వంటివి బీ12 లోపాన్ని తీరుస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఎంసీవీ తక్కువగా ఉన్న వారందరికీ ఇనుమే తక్కువ అని కూడా అనుకోకూడదు. తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి వాహకులలో కణాలు పుట్టుకతోనే చిన్నవిగా ఉంటాయి, ఒంట్లో ఇనుము మాత్రం సరిపడా ఉంటుంది. ఇనుము వాడినా అంకె పెరగనివారు, పెళ్ళి సంబంధాలు చూసుకుంటున్నవారు, ఇంట్లో ఇలాంటి చరిత్ర ఉన్నవారు ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్షతోపాటు హిమోగ్లోబిన్ రకాలను తేల్చే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష కూడా చేయించుకుంటే, అవసరం లేని ఇనుమును ఏళ్ళ తరబడి మింగే బాధ తప్పుతుంది.

పాండురోగం గురించి చరకుడు చెప్పినది

రక్తహీనతకు ఆయుర్వేదంలో దగ్గరగా వచ్చే పేరు పాండురోగం. ఒళ్ళు పాలిపోవడం దాని ప్రధాన లక్షణం. అయితే అది ఆధునిక వైద్యం చెప్పే 'ఎనీమియా'కు అచ్చంగా సమానమైన మాట కాదు. చరక సంహిత చికిత్సాస్థానం 16వ అధ్యాయంలో పాండురోగాన్ని ఐదు రకాలుగా విభజించారు. వాతం, పిత్తం, కఫం, మూడూ కలిసిన సన్నిపాతం నాలుగు రకాలు కాగా, ఐదవది మృద్భక్షణజం, అంటే మట్టి తినడం వల్ల వచ్చేది. మన ఇళ్ళలో కొందరు ఆడపిల్లలూ, గర్భిణులూ బలపాలు, సుద్దముక్కలు, పచ్చిబియ్యం దొంగచాటుగా తినడం మనకు తెలియనిది కాదు. ఇనుము లోపం ఉన్నవారిలో ఇలాంటి కోరిక పుడుతుందని నేటి వైద్యం కూడా చెబుతుంది. అలా తింటూ దొరికిపోయిన పిల్లను తిట్టే ముందు ఆమెకు రక్తపరీక్ష చేయించాలి.

తిన్న ఆహారపు సారమైన రసధాతువు రంజక పిత్తం వల్ల రంగు పొంది రక్తమవుతుందనీ, ఆ రంజక పిత్తానికి స్థానం కాలేయం, ప్లీహం అనీ ఆయుర్వేదం చెబుతుంది. అందుకే పాండురోగ చికిత్సలో ఇనుము ఒక్కటే ఇవ్వరు. జఠరాగ్ని సరిచేసే శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, పేగులలోని పురుగులను పోగొట్టే వాయువిడంగాలు కూడా ఇస్తారు. తిన్నది ఒంటికి పట్టాలి, పట్టినది పోకూడదు అన్నదే ఆ కూర్పు వెనుక ఉన్న ఆలోచన. కొంకి పురుగులు పేగు గోడకు పట్టుకుని రక్తం పీల్చడం రక్తహీనతకు ఒక పెద్ద కారణమని మనకు తెలుసు గనుక ఆ ఆలోచనలోని చూపును నేను గౌరవిస్తాను. అయినా పురుగులు ఉన్నాయని తేలితే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర చేసే పనికి వాయువిడంగాల మీద ఆధారపడవద్దని కూడా చెప్పక తప్పదు.

ఇనుముతో చేసిన యోగాలలో (మందుల కూర్పులలో) ఏది ఎవరికి

నవాయస లోహం వీటిలో చాలా పాతది, కూర్పులో చాలా సరళమైనది. త్రికటువులు (శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు) మూడు, త్రిఫలాలు (కరక్కాయ, తానికాయ, ఉసిరిక) మూడు, తుంగముస్తలు, వాయువిడంగాలు, చిత్రమూలం, మొత్తం తొమ్మిది ద్రవ్యాలు ఒక్కొక్క భాగం. వాటన్నిటికీ సమంగా తొమ్మిది భాగాల లోహభస్మం, అంటే ఇనుమును శుద్ధి చేసి, కాల్చి చేసిన పొడి. తేనె, నెయ్యితో ఇవ్వడం సంప్రదాయం. ఆకలి మందగించి, కడుపు బరువుగా ఉండి, కఫ ప్రకృతి ఉన్నవారికి ఇది నప్పుతుంది. మిరియాలు, చిత్రమూలం వేడి చేసేవి గనుక కడుపులో మంట, పుల్లని తేన్పులు ఉన్నవారికి ఇది సరిపడదు. గుంటూరు కారం తిని మంటతో బాధపడేవారు మన జిల్లాలలో తక్కువేమీ కాదు గనుక ఈ తేడా మనకు ముఖ్యం.

అలాంటివారి విషయంలో వైద్యులు ధాత్రీ లోహం వైపు చూస్తారు. ఉసిరిక, లోహభస్మం, అతిమధురం కలిపి తిప్పతీగ రసంతో భావన చేసి, అంటే ఆ రసంలో తడిపి నూరి, దీనిని తయారుచేస్తారు. ఇది మొదట పరిణామశూలకు, అంటే తిన్నది అరిగే వేళలో వచ్చే కడుపునొప్పికి చెప్పిన మందు. మంటను పెంచకుండా ఇనుము ఇవ్వడానికి వీలైనది. నేను ఎవరికైనా 'ఈ పేరు వైద్యుడి దగ్గర ప్రస్తావించండి' అని చెప్పవలసి వస్తే ముందుగా చెప్పేది దీని పేరే.

పునర్నవా మండూరంలో లోహభస్మానికి బదులు మండూరం ఉంటుంది. మండూరం అంటే ఇనుప కొలిమి దగ్గర మిగిలే చిట్టెం. ఎంత పాతదైతే అంత మంచిదనీ, నూరేళ్ళనాటిది శ్రేష్ఠమనీ రసశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. దానిని శుద్ధి చేసి, గోమూత్రంలో ఉడికించి, గలిజేరుతోపాటు త్రికటువులు, త్రిఫలాలు, తెగడ, దేవదారు వంటి అనేక ద్రవ్యాలతో కలుపుతారు, మజ్జిగతో ఇస్తారు. పాలిపోవడంతోపాటు కాళ్ళకూ ముఖానికీ నీరు పట్టినవారికి చెప్పిన యోగం ఇది. అయితే ఒంటికి నీరు పట్టడం తీవ్రమైన రక్తహీనత వల్ల కావచ్చు, గుండె, మూత్రపిండాలు, కాలేయం సరిగా పనిచేయకపోవడం వల్ల కూడా కావచ్చు. కాబట్టి వాపు ఉన్నవారు ఈ మాత్రలను సొంతంగా కొనుక్కోకూడదు. పైగా ఇందులోని తెగడ, దంతి విరేచనకారులు గనుక గర్భిణులకు ఇది ఇవ్వరు.

లోహాసవం అందరికీ తెలిసిన పేరు. భోజనం తర్వాత 15 నుంచి 30 మిల్లీలీటర్లు సమానంగా నీళ్ళు కలిపి తాగడం వాడుక. తాగడం తేలిక కావడమే దాని ప్రచారానికి కారణమని నాకు అనిపిస్తుంది. కానీ ఆసవం అంటే బెల్లం, తేనెతో పులియబెట్టినది. అందులో తనంతట తానే పుట్టిన ఆల్కహాలు ఉంటుంది. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, పసిపిల్లలు, కాలేయ వ్యాధి ఉన్నవారు, మద్యం మానడానికి ప్రయత్నిస్తున్నవారు దీనిని ఎంచుకోకూడదు. మిగిలినవారికి కూడా ఒక చిక్కు ఉంది. ఒక మూతలో శరీరానికి అందే ఇనుము ఎన్ని మిల్లీగ్రాములో చాలా సీసాల మీద రాసి ఉండదు. అందువల్ల ఐరన్ మాత్రతో దీనిని అంకెకు అంకె పోల్చలేము. నాలుగు వారాల తర్వాత చేయించే రక్తపరీక్షే అది పనిచేసిందో లేదో చెప్పాలి.

ఐరన్ మాత్ర పక్కన పెట్టి చూస్తే

2018లో మొదలైన ఎనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద పెద్దలకు ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గర్భిణులకు రోజుకొకటి చొప్పున 180 రోజులు, బడి ఈడు కిశోర బాలికలకు వారానికొకటి చొప్పున నీలం రంగు మాత్ర ఇస్తారు. మీ ప్రాంతంలోని ఏఎన్‌ఎం దగ్గర, పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఇవి ఉచితంగా దొరుకుతాయి. ఎంత ఇనుము అందుతోందో కచ్చితంగా తెలియడం దీని మొదటి బలం. ఇనుము లోపమే కారణమైతే మూడు నాలుగు వారాలలో హిమోగ్లోబిన్ ఒకటి రెండు గ్రాములు పెరగడం కనిపిస్తుంది. గర్భిణుల విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను. నెలలు లెక్కబెట్టుకునే సమయంలో కొలత తెలియని మందుతో ప్రయోగం చేయకూడదు. మాత్రే తీసుకోవాలి, అది పనిచేయకపోతే వైద్యులు సిరలోకి ఎక్కించే ఇనుము ఇస్తారు.

మాత్ర మీద ఉన్న ఫిర్యాదులు అబద్ధం కాదు. వికారం, మలబద్ధకం, నోట్లో ఇనుప రుచి, నల్లటి విరేచనం చాలామందిని భయపెట్టి మానిపిస్తాయి. విరేచనం నల్లబడడం వల్ల ప్రమాదం లేదు. లోహభస్మం ఉన్న ఆయుర్వేద మందులతో కూడా అలాగే జరుగుతుంది. తట్టుకోలేనివారు రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని వైద్యుణ్ణి అడగాలి. ఒకసారి ఇనుము తీసుకోగానే శరీరంలో హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి సుమారు ఒక రోజు పాటు తర్వాతి ఇనుమును అడ్డుకుంటుంది గనుక, రోజు విడిచి వేసుకోవడంలో అర్థం ఉంది. అయినా కడుపు ఒప్పుకోని వారికీ, హిమోగ్లోబిన్ 10, 11 మధ్య ఉండి తొందర లేని వారికీ, వైద్యుడి పర్యవేక్షణలో ధాత్రీ లోహం వంటిది ప్రయత్నించడం తప్పు కాదని నా నమ్మకం. అయితే ఆ మందుల మీద జరిగిన పరిశీలనలు ఎక్కువగా కొద్దిమంది రోగులతో చేసినవి. అందువల్ల గడువు పెట్టుకుని ప్రయత్నించాలి. నాలుగు వారాలలో కనీసం ఒక గ్రాము పెరగకపోతే దారి మార్చాలి.

రెండింటినీ కలిపి వేసుకుంటే రెట్టింపు ఫలితం వస్తుందనుకునేవారు ఉన్నారు. వస్తే గిస్తే రెట్టింపు మలబద్ధకం వస్తుంది. థైరాయిడ్ మాత్ర వాడేవారు ఏ రూపంలో ఇనుము తీసుకున్నా రెండింటి మధ్య నాలుగు గంటల ఎడం ఉంచాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఐరన్ మాత్రలను వారికి అందకుండా దాచాలి. చప్పరించే తియ్యటి బిళ్ళలనుకుని ఎక్కువ మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

వంటింట్లో ఏది నిజంగా లెక్కలోకి వస్తుంది

భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం వయసులో ఉన్న స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. మనం మూడు పూటలా తినే తెల్లబియ్యంలో 100 గ్రాములకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. అదే రాగుల్లో, మునగాకులో, తోటకూరలో సుమారు నాలుగున్నర మిల్లీగ్రాములు, ఉలవలలో ఎనిమిదికి పైగా ఉంటుంది. దానిమ్మ, బీట్‌రూట్ ఎర్రగా ఉంటాయి గనుక రక్తం పడుతుందని చెప్పుకుంటారు గానీ వాటిలో ఇనుము ఒక మిల్లీగ్రాము లోపే. చరకుడు కూడా దానిమ్మతో చేసే దాడిమాది ఘృతాన్ని పాండురోగానికి చెప్పాడు కదా అని అడగవచ్చు. అది అగ్నిని పెంచి, తర్వాతి చికిత్సకు ఒంటిని సిద్ధం చేసే నెయ్యి.

ఉలవల విషయంలో మన ప్రాంతం వారు ఒక మాట ఆలోచించాలి. ఉలవచారు మనకు గర్వకారణమే. కానీ చారు అంటే ఉడికిన నీరు. ఒకప్పుడు ఆ నీటిని మనం తాగి గింజలను ఎడ్లకు పెట్టేవాళ్ళం. ఇనుములో ఎక్కువ భాగం ఆ గింజల్లోనే మిగులుతుంది గనుక వాటిని పారేయకుండా తాలింపు వేసి గుగ్గిళ్ళుగా తినాలి. ఈడేరిన పిల్లకు నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి పెట్టే మన అమ్మమ్మల ఆచారం అక్షరాలా సరైనది. ఆ పది రోజులతో దానిని ఆపేయడమే మన లోపం.

గోంగూర పేరు గుంటూరుతో ముడిపడి ఉంది కాబట్టి దాని గురించి నిజం చెప్పాలి. గోంగూరలో ఇనుము ఉంది, దానితోపాటు ఇనుమును పట్టి ఉంచే ఆక్సలేట్లు కూడా ఉన్నాయి. కాబట్టి పచ్చడి ఒక్కటే తింటే రక్తం పడుతుందనుకోవద్దు. మొక్కల నుంచి వచ్చే ఇనుములో మన పేగులు పీల్చుకునేది కొద్ది శాతం మాత్రమే. దానిని పెంచేది విటమిన్ సి, తగ్గించేది అన్నం తిన్న వెంటనే తాగే టీ, కాఫీ. భోజనంతోపాటు పచ్చి ఉసిరిక ముక్క గానీ, నిమ్మకాయ పిండిన పప్పు గానీ, జామకాయ గానీ ఉండి, టీ గంటన్నర తర్వాతకు జరిగితే అదే కంచంలోని ఇనుము ఇంకాస్త ఎక్కువగా ఒంటికి పడుతుంది. చింతపండు పులుసును ఇనుప మూకుడులో కాస్తే మూకుడులోని ఇనుము కొంత కూరలోకి దిగుతుంది. పెసలు నానబెట్టి మొలకెత్తించినా, ఇడ్లీ పిండి పులియబెట్టినా ఇనుమును అడ్డుకునే ఫైటేట్లు తగ్గుతాయి. మాంసం తినేవారికి మేక కార్జం, చేపలు వారంలో ఒకటి రెండుసార్లు ఇచ్చే ఇనుము ఆకుకూరల ఇనుము కంటే చాలా సులభంగా ఒంటికి పడుతుంది. బీ12 కూడా అందులోనే వస్తుంది. గర్భిణులు మాత్రం కార్జం ఎక్కువగా తినకూడదు, అందులో విటమిన్ ఏ చాలా ఎక్కువ.

రేషన్ బియ్యంలో కనిపించే కొంచెం భిన్నమైన గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవారిని నేను చూశాను. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి తయారుచేసిన గింజలు; వాటిని బియ్యంతోపాటే వండుకోవాలి.

ఇంత చెప్పినా, హిమోగ్లోబిన్ 9 ఉన్న మనిషి ఆహారంతోనే 12కు చేరడం చాలా కష్టం. లోటు తీర్చడానికి మందు, తీరిన లోటు మళ్ళీ రాకుండా ఉండడానికి ఆహారం అన్నది నేను పాటించే క్రమం.

కొనేటప్పుడు, వైద్యుడి దగ్గరకు వెళ్ళేటప్పుడు

లోహభస్మం సరిగ్గా తయారైందో లేదో చూడడానికి పాత పరీక్షలు ఉన్నాయి. వేళ్ళ గీతల్లో ఇమిడిపోవాలి, నీటి మీద తేలాలి, లోహపు మెరుపు ఉండకూడదు. ఇవి తయారీని పరీక్షించేవే గాని, సీసం, ఆర్సెనిక్ వంటివి కలిశాయో లేదో చెప్పలేవు. పొట్లం కట్టి ఇచ్చే పేరులేని చూర్ణాన్ని ఎంత నమ్మకమైనవారు ఇచ్చినా తీసుకోవద్దు. తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, తేదీ, ద్రవ్యాల జాబితా ముద్రించిన డబ్బానే కొనాలి. జాబితాలో పాదరసం, గంధకం, ఆ రెండూ కలిపి నూరిన కజ్జలి ఉంటే అది రసౌషధం. వైద్యుడు రాయకుండా దానిని ముట్టుకోకూడదు.

విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. అక్కడికి వెళ్ళినా, మీ వీధిలో చదువుకున్న వైద్యుడి దగ్గరకు వెళ్ళినా సీబీపీ కాగితం, వాడుతున్న ఇతర మందుల చీటీ వెంట తీసుకువెళ్ళండి. నెలసరి ఎన్ని రోజులు ఉంటోంది, గడ్డలు పడుతున్నాయా, మొలల వల్ల రక్తం పోతోందా అన్నవి సిగ్గుపడకుండా చెప్పండి. పోయేదాన్ని ఆపకుండా పోసేదంతా ఓటికుండలో నీళ్ళే. పురుషులకు గానీ, నెలసరి ఆగిపోయిన స్త్రీలకు గానీ ఇనుము లోపం వస్తే కడుపులోనో పేగులోనో రక్తస్రావం ఉందేమోనని తప్పక పరీక్షించాలి. ఆ వయసులో టానిక్కుతో అంకె పెరిగిందని సంతోషించడం వల్ల పేగు క్యాన్సర్ వంటిది ఆలస్యంగా బయటపడిన సందర్భాలు ఉన్నాయి.

ఏ దారి ఎంచుకున్నా హిమోగ్లోబిన్ 12 దాటిన రోజునే మందు మానేయవద్దు. అప్పటికి రక్తంలోని లోటు మాత్రమే పూడింది; శరీరంలోని నిల్వ ఇంకా ఖాళీగానే ఉంటుంది. మరో మూడు నెలలు కొనసాగించి, ఆ తర్వాత ఒకసారి ఫెరిటిన్ చూపించుకుని, వైద్యుడు చెప్పినప్పుడు ఆపండి.